ఇంట్లోనే చదివిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: కడప నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు నిండాయి. ప్రస్తుతం ఇక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. నా భార్య బీఎస్సీ, బీఈడీ చేసి, పెళ్లికి ముందు కొంతకాలం ఉన్నత పాఠశాలలో గణితం బోధించింది. పాప ఉదయం బస్సెక్కితే సాయంత్రం చీకటి పడే వేళకు ఇల్లు చేరడం, ఆ తర్వాత తిండి కూడా సరిగా తినకుండా అవే ప్రశ్నలు, అవే జవాబులు నిద్ర ముంచుకొచ్చే దాకా వల్లె వేయడం చూడలేక, వచ్చే విద్యాసంవత్సరం నుంచి బడి మాన్పించి తానే ఇంట్లో చదివిస్తానని ఆమె పట్టుదలగా ఉంది. ఆమె చదువు చెప్పగలదన్న విషయంలో నాకు సందేహం లేదు. నా భయమంతా చట్టం గురించి, ఆ తర్వాత కాగితాల గురించి.

అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్న మా అక్క తన ఇద్దరు పిల్లలనూ ఇంట్లోనే చదివిస్తోంది. అక్కడ ఏ కార్యాలయానికీ చెప్పవలసిన పని లేదని, అది తల్లిదండ్రుల హక్కని ఆమె అంటుంది. ఇక్కడేమో మా వార్డు సచివాలయంలో తెలిసిన ఒకాయనను అడిగితే, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బడికి పంపకపోతే కేసు పెడతారని చెప్పాడు. విద్యాహక్కు చట్టంలో నిర్బంధ విద్య అన్న మాట ఉన్నందువల్ల ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయలేకపోతున్నాను.

బడి మాన్పించి ఇంట్లో చదివించడం నేరమవుతుందా? మండల విద్యాశాఖాధికారికి ముందుగా తెలియజేయాలా? రెండేళ్ల తర్వాత మా ఆలోచన మారితే పాపను మళ్లీ ఏదైనా బడిలో చేర్చుకుంటారా? పదో తరగతి పరీక్ష ఎలా రాయించాలి, ఆ తర్వాత ఇంటర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వంటి వాటికి అడ్డు ఉంటుందా? ఈ విషయాలు తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు. బడికి పోని పిల్లకు రేపు సంబంధాలెలా వస్తాయని మా అమ్మ అడుగుతున్న ప్రశ్నకు మాత్రం మీరు జవాబు చెప్పనవసరం లేదు.

జవాబు: కర్నూలు న్యాయవాది

అయ్యా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. బిడ్డకు ఇంట్లో చదువు చెప్పడం నేరమని ప్రకటించిన చట్టం మన దేశంలో లేదు. అలాగే, బిడ్డను ఇంట్లో చదివించుకునే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉందని స్పష్టంగా రాసిన చట్టమూ లేదు. మీ సచివాలయం మిత్రుడు, మీ అక్కగారు చెరొక అంచున నిలబడి మాట్లాడుతున్నారు, మనం ఉన్నది వారిద్దరి మధ్యనున్న ఖాళీ స్థలంలో.

విద్య ఒకప్పుడు రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ దానిని కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోకి మార్చింది. అయినా అమెరికాలో మాదిరిగా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో హోమ్‌స్కూలింగ్ చట్టం అన్నది ఇక్కడ ఏర్పడలేదు. పద్నాలుగేళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆ తీర్పు వెనుకనే 2002లో 86వ సవరణ వచ్చింది. అది 21-ఎ అధికరణం ద్వారా ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది, 51-ఎ అధికరణంలో ఒక కొత్త ఖండం చేర్చి, ఆ వయసు బిడ్డలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని చెప్పింది. ఆ హక్కును అమలుచేయడానికి పార్లమెంటు చేసిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో మీరు చదవవలసినవి ముఖ్యంగా రెండు సెక్షన్లు. పదో సెక్షన్, బిడ్డను దగ్గరలోని పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఎనిమిదో సెక్షన్, నిర్బంధ విద్య అంటే ఏమిటో వివరిస్తుంది. అక్కడ నిర్బంధం పడుతున్నది ప్రభుత్వం మీద: ఉచితంగా చదువు అందించాలి, ప్రతి బిడ్డా చేరేలా, హాజరయ్యేలా, ఎనిమిదో తరగతి దాకా పూర్తిచేసేలా చూడాలి. పదో సెక్షన్‌ను పాటించని తల్లిదండ్రులకు జరిమానా గానీ శిక్ష గానీ ఆ చట్టంలో ఎక్కడా లేదు. జరిమానాలు ఉన్నది పాఠశాలలు నడిపేవారికి. చేర్చుకునేందుకు బిడ్డకో తల్లిదండ్రులకో పరీక్ష పెడితే మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ పైన ప్రతిసారీ 50 వేల వరకు; గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు, ఆపకుండా కొనసాగిస్తే రోజుకు పదివేల వరకు. కాబట్టి కేసు పెడతారన్న మాటకు ఆ చట్టంలో ఆధారం లేదు. కానీ విధి అని రాసి ఉన్నది కూడా నిజమే. అధికారి వచ్చి అడిగితే, మా ఇష్టం అని తలుపు వేసుకునే వీలు మీకు ఉండదు.

2012లో ఢిల్లీ హైకోర్టులో ఇదే అంశం మీద వ్యాజ్యం నడుస్తున్నప్పుడు, స్వచ్ఛందంగా ఇంటి చదువును ఎంచుకున్న తల్లిదండ్రులు దానిని కొనసాగించవచ్చని, విద్యాహక్కు చట్టం దానికి అడ్డు రాదని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ అఫిడవిట్ వేసింది. ఇంటి చదువును సమర్థించేవారు అందరూ దీనినే చూపిస్తారు. నేను మాత్రం దాని మీద పూర్తిగా ఆనుకోవద్దనే చెబుతాను, ఎందుకంటే అఫిడవిట్ అనేది ఒక కేసులో ఒక ప్రభుత్వం చెప్పుకున్న వైఖరి మాత్రమే, అది తీర్పు కాదు, చట్టమూ కాదు. పైగా అదే 2012లో చేసిన సవరణ ద్వారా, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్ద విద్యను ఎంచుకునే హక్కును చట్టంలోనే రాశారు. కొందరికి ప్రత్యేకంగా ఇచ్చారంటే మిగిలినవారికి లేదనే అర్థం వస్తుందని ఎదుటి న్యాయవాది వాదించగలడు. మిగిలినవారికి నిషేధమని రాయలేదు కదా అని నేను వాదించగలను. నిష్కర్షగా తేలనంత వరకు రెండు వాదనలూ బతికే ఉంటాయి.

మీ అక్కగారు చెప్పిన హక్కు విషయంలో ఒక తేడా గమనించండి. అమెరికా సుప్రీంకోర్టు 1925లో, పిల్లలందరూ ప్రభుత్వ బడులకే రావాలన్న ఒరెగాన్ రాష్ట్ర చట్టాన్ని కొట్టివేస్తూ, బిడ్డల చదువును నిర్ణయించే స్వేచ్ఛ తల్లిదండ్రులదని గుర్తించింది. అక్కడి ఆలోచన అంతా ఆ పునాది మీద లేచింది. మన 21-ఎ అధికరణం మాత్రం హక్కును బిడ్డ చేతిలో పెట్టింది, తల్లిదండ్రులకు మిగిల్చినది విధి. కాబట్టి రేపు ఎప్పుడైనా వివాదం వస్తే, తండ్రిగా మీకు హక్కు ఉందా అని కాక, ఈ బిడ్డకు చదువు అందుతోందా అని కోర్టు అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే కాగితాలు మీ దగ్గర ఉండాలి. పాప నోటు పుస్తకాలు, నెలవారీగా ఏం చదివిందో రాసిన వివరం, టీకాల కార్డు, జనన ధ్రువపత్రం ఒకే ఫైలులో పెట్టండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. మీ భార్య బాగా చెబుతున్నారని వీధిలో నలుగురు తమ పిల్లలను కూడా పంపి, నెలకింత అని ఇవ్వడం మొదలుపెడితే, అది ఇంటి చదువు అనిపించుకోదు. పగటి పూట బడి వేళల్లో నడిచే అలాంటి ఏర్పాటును గుర్తింపు లేని పాఠశాలగా చూసే ప్రమాదం ఉంది, ఆ జరిమానాల సంగతి పైన చెప్పాను. రెండవది, పేరు ఒక బడిలో ఉంచి బిడ్డను ఇంట్లో చదివించే పద్ధతి. మన జిల్లాల్లో దీనిని చాలామంది తెలివైన మార్గం అనుకుంటారు. హాజరు పట్టీలో లేని హాజరు వేయించడం అబద్ధపు రికార్డు సృష్టించడమే. తల్లికి వందనం వంటి పథకానికి 75 శాతం హాజరు షరతు ఉన్నప్పుడు, ఆ అబద్ధం మీద ప్రభుత్వ సొమ్ము కూడా తీసుకున్నట్టవుతుంది. ఇంట్లో చదివించడంలో లేని నేరం ఇందులో ఉంది.

చివరగా, చాలామందికి తట్టని విషయం స్థానికత. ఉన్నత విద్యలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించే 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్షతో (ఇంటర్ వంటిది) ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో చదివితే స్థానికులవుతారు. మన రాయలసీమ అంతా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కింద వస్తుంది. బడికి పోని బిడ్డకు స్టడీ సర్టిఫికెట్లు ఎక్కడి నుంచి వస్తాయని భయపడకండి. ఆ నాలుగేళ్లలో ఏ సంస్థలోనూ చదవని కాలం ఉంటే, పరీక్షకు ముందు నాలుగేళ్లు అక్కడ నివాసం ఉన్నట్టు చూపితే చాలునని అదే ఉత్తర్వులో ఉంది. అంటే తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం మీకు స్టడీ సర్టిఫికెట్ పని చేస్తుంది. రేషను కార్డు, ఆధార్ చిరునామా కడపలోనే ఉండేలా చూసుకోండి. మధ్యలో ఉద్యోగం కోసం బెంగళూరుకు కాపురం మార్చే ఆలోచన ఉంటే దీని గురించి రెండుసార్లు ఆలోచించండి.

జవాబు: అనంతపురం విశ్రాంత విద్యాధికారి

న్యాయవాది గారు చట్టం చెప్పారు. నేను మండల విద్యాశాఖాధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని, కార్యాలయం వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. నేను ఇంటి చదువుకు అనుకూలుణ్ణి కానని ముందే చెప్పడం న్యాయం.

బడిలో పేరు లేని బిడ్డ ఉన్నాడంటే మా సిబ్బంది మనసులో మెదిలేది మీ ఇంటివంటి ఇల్లు కాదు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గి కాలంలో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప తోటలకు తరలిపోతాయి, వెంట పిల్లలూ పోతారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో విత్తన పత్తి చేలల్లో పరాగ సంపర్కం పనికి ఆడపిల్లలను పెట్టిన రోజులు మేము చూశాం. మా అనంతపురం జిల్లాలో వేరుశనగ పంట దెబ్బతిన్న ఏడాదల్లా బడి మానేసే పిల్లల సంఖ్య పెరిగేది. బాల్య వివాహం కూడా చాలాసార్లు బడి మాన్పించడంతోనే మొదలవుతుంది. సర్వేకు వచ్చే సీఆర్పీ (కొన్ని బడుల సమూహాన్ని చూసే విద్యాశాఖ క్షేత్ర సిబ్బంది) గానీ, సచివాలయంలోని విద్యా సహాయకుడు గానీ గట్టిగా ప్రశ్నిస్తే, ఆ గట్టిదనం ఈ అనుభవాల నుంచి వచ్చిందని అర్థం చేసుకోవాలి. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం కూడా, పద్నాలుగేళ్ల లోపు బిడ్డ సొంత కుటుంబానికి సాయపడటాన్ని బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే ఒప్పుకుంటుంది. ఇంట్లో చదువుకుంటున్న పాప పగలు పదకొండింటికి మీ దుకాణంలో కూర్చుని కనబడితే చూసేవాడు ఏమనుకుంటాడో ఊహించండి.

ఇక ఆచరణ. పాప బడి వదిలిన వెంటనే పాఠశాల వారు ఆన్‌లైన్ వివరాల్లో ఆమెను తమ జాబితా నుంచి తీసివేస్తారు. మరో బడి ఆమెను తమ జాబితాలోకి తీసుకోకపోతే ఆ పేరు డ్రాప్‌బాక్సులో, అంటే ఏ బడికీ చెందని పేర్ల జాబితాలో, ఉండిపోతుంది. అక్కడ ఉన్న పేర్లనే బడి బయటి పిల్లలుగా లెక్కించి ఇంటింటికీ తిరుగుతారు. ఇంట్లో చదువుతోంది అని రాసుకోవడానికి నేను పనిచేసిన రోజుల్లో ఆ పత్రాల్లో గడి ఉండేది కాదు. అందువల్ల ఆ ఉద్యోగి మీ మాట నమ్మినా పై వారికి ఏమి రాయాలో తెలియక మళ్లీ వస్తాడు. ముందుగా తెలియజేయాలన్న నియమం లేకపోయినా, మీరు దంపతులిద్దరూ సంతకం చేసి, తల్లి విద్యార్హతలు జతచేసి, మండల విద్యాశాఖాధికారికి ఒక లేఖ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవడమే మంచిది. వచ్చినవారికి ఆ నకలు చూపితే సగం మాటలు తగ్గుతాయి.

మళ్లీ బడిలో చేర్చడం గురించి బెంగ అక్కర్లేదు. చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనుకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఏడాది మధ్యలో వచ్చారని గానీ, టీసీ ఆలస్యమైందని గానీ, వయసు రుజువు లేదని గానీ తిప్పి పంపకూడదు. ప్రభుత్వ పాఠశాలలో ఇది నిక్కచ్చిగా జరుగుతుంది. ప్రైవేటువారు సీట్లు లేవని మర్యాదగా చెబుతారు, దానికి మందు లేదు.

ప్రత్యేక అవసరాలున్న బిడ్డలు కలిగినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీది వేరే దారి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రంతో, అలాంటి పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రాన్ని కలవండి. కదలలేని పిల్లల ఇంటికి వచ్చి నేర్పే ఉపాధ్యాయులు ఆ ఏర్పాటులో ఉన్నారు. మీ బిడ్డ పేరు బడి రికార్డులో ఉంటూనే చదువు ఇంట్లో సాగుతుంది.

నాకు ఇంటి చదువు ఎందుకు నచ్చదో కూడా ఒక వాక్యంలో చెప్పాలి. తమ బిడ్డను చదివించగలిగిన తల్లి బడితో తెగతెంపులు చేసుకుంటే, ఆ బడిని ప్రశ్నించే నోరు ఒకటి తగ్గుతుంది. ఉదయం ఎనిమిది నుంచి చీకటి దాకా పిల్లను ఉంచే ఆ పాఠశాల మీద మీరు ఇంతవరకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా? దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలను ఒకసారి చూశారా?

జవాబు: ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

పెద్దాయన చివర అడిగిన ప్రశ్నలకు గౌరవంతోనే నా అభిప్రాయం చెబుతాను. మా అబ్బాయిని ఐదో తరగతి తర్వాత ఇంట్లో చదివించాం. అంతకుముందు మేము ఫిర్యాదులూ చేశాం, రెండు బడులూ మార్చాం. వ్యవస్థ బాగుపడేదాకా బిడ్డ బాల్యం ఆగదు కదండీ. అయితే అధికారికి లేఖ ఇవ్వమన్న ఆయన సలహా నూటికి నూరుపాళ్లు మంచిది. మా ఇంటికి వచ్చిన సీఆర్పీ మేడం మొదట కోపంగానే మాట్లాడారు. వాడి పుస్తకాలు, వాడు గీసిన పటాలు చూశాక కూర్చుని టీ తాగి వెళ్లారు.

పదో తరగతి సంగతి చెబుతాను. దారులు ముఖ్యంగా రెండు. ఒకటి మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఓపెన్ స్కూల్ అంటారు. రెండవది 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్ఐఓఎస్. రెండింటిలోనూ పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండి ఉండాలి, కాబట్టి తెలివైన పిల్ల కదా అని పన్నెండేళ్లకే రాయిద్దామనుకుంటే కుదరదు. ఎనిమిదో తరగతి ధ్రువపత్రం లేకపోతే ఎలాగని నేను చాలా భయపడ్డాను. ఎన్ఐఓఎస్‌లో ఆ స్థాయి చదువు తనకు వచ్చునని స్వీయ ప్రకటన ఇస్తే సరిపోతుంది. ధ్రువపత్రమే కావాలనుకునేవారికి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఏ, బీ, సీ స్థాయిలు అక్కడే ఉన్నాయి.

మేము ఎన్ఐఓఎస్ ఎంచుకున్నాం. ఐదు సబ్జెక్టులు ఉత్తీర్ణులైతే చాలు, అందులో ఒక భాష తప్పనిసరి. మావాడు తెలుగు, ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రంతో పాటు చిత్రలేఖనం తీసుకున్నాడు. తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చినది తొందర లేకపోవడం: నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మొదలయ్యే పరీక్షల్లో సిద్ధమైన సబ్జెక్టులే రాసుకుంటూ పోవచ్చు. ఇంటి వద్ద రాసి పంపే అసైన్‌మెంట్లకు ఇరవై శాతం మార్కులుంటాయి, వాటిని నిర్లక్ష్యం చేయకండి.

ఇబ్బందులూ చెప్పాలి. పరీక్షా కేంద్రం మన ఊళ్లోనే పడుతుందని హామీ లేదు. పుస్తకాలు ఆలస్యంగా వస్తాయి, అందుకే వెబ్‌సైటులో ఉన్నవాటిని అచ్చు తీయించుకున్నాం. కట్టిన రుసుముకు పది రెట్లు అడిగి, పాస్ గ్యారంటీ అని ప్రకటనలు వేసుకునే మధ్యవర్తులు మన పట్టణాల్లో ఉన్నారు. నమోదు అంతా ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు, వాళ్ల గడప తొక్కవద్దు. తల్లికి వందనం రాదు, బడిలో ఇచ్చే పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉండవు. మాకు అది పెద్ద లోటు కాలేదు గానీ, కొన్ని ఇళ్లకు అదే పెద్ద ఆధారమన్న సంగతి నాకు తెలుసు.

ఇంటర్‌లో చేరేటప్పుడు ఒక కళాశాలలో గుమాస్తా ఈ సర్టిఫికెట్ చెల్లదన్నాడు. ఎన్ఐఓఎస్ జాతీయ స్థాయిలో గుర్తింపు ఉన్న బోర్డు అని చూపే ఉత్తర్వు ప్రతిని ప్రిన్సిపాల్ ముందు పెట్టాక చేర్చుకున్నారు. ఆ ప్రతి మీ ఫైలులో ముందే ఉంచుకోండి. సార్వత్రిక విద్య ద్వారా ఇంటర్ చేసినవారు జేఈఈ, నీట్ రాయవచ్చు. నీట్ విషయంలో కొన్నేళ్లు అడ్డంకి పెట్టారు, 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, ఇప్పుడు అర్హత ఉంది. ఇంటర్‌ను కూడా ఇంటి నుంచే చేయాలనుకుంటే మన ఇంటర్మీడియట్ బోర్డు ఆర్ట్స్ గ్రూపుల వారికి హాజరు మినహాయింపుతో ప్రైవేటుగా రాయనిస్తుంది. ప్రయోగాలున్న సైన్సు గ్రూపులకు ఆ వీలు లేదు.

జవాబు: టెక్సాస్‌లో ఉంటున్న అనంతపురం వాసి

అక్కగారి మాట టెక్సాస్ వరకు నిజమే. ఇక్కడ ఇంటి బడిని ప్రైవేటు బడితో సమానంగా చూడాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌర ధర్మం నిజాయితీగా బోధిస్తే చాలు, ఎవరికీ తెలియజేయనవసరం లేదు, పరీక్షలు లేవు. కానీ దీనిని అమెరికా పద్ధతి అనుకోకూడదు. పెన్సిల్వేనియాలో ఉన్న మా మిత్రులు ఏటా నోటరీ ముందు ప్రమాణ పత్రం ఇచ్చి, బిడ్డ చేసిన పనినంతా ఒక సంపుటిగా కూర్చి, అర్హత గల మూల్యాంకకుడి చేత చూపించుకోవాలి. న్యూయార్కులో ఏడాది ప్రణాళికతో పాటు మూడు నెలలకొక నివేదిక జిల్లా విద్యాశాఖకు పంపాలి. యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, కానీ రాష్ట్రం సరిహద్దు దాటితే విధులు మారిపోతాయి.

నా మాట అడిగితే, కడపలో ఉన్న మీకు టెక్సాస్ కన్నా పెన్సిల్వేనియా నమూనా పనికివస్తుంది. ఎవరూ అడగకపోయినా ఏడాదికొకసారి బయటి ఉపాధ్యాయుడి చేత పాప పనిని చూపించి, ఆయన సంతకంతో ఒక పేజీ నివేదిక రాయించి పెట్టుకోండి. న్యాయవాది గారు చెప్పిన ఫైలుకు అది బలం.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. విద్యాధికారి గారు అడిగినదానికి జవాబు: ఫిర్యాదు నోటితో చేశాం, రాతలో చేయలేదు. ప్రభుత్వ పాఠశాలను ఇంకా చూడలేదు, ఈ వారం వెళ్లి చూస్తాను. ఇంకొక సందేహం మిగిలింది. నిజం చెప్పాలంటే ఇంటి చదువు నా భార్య నిర్ణయం, నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇలాంటి విషయంలో తల్లి, తండ్రి భిన్నంగా ఆలోచిస్తే చట్టం ఎవరి మాటకు విలువ ఇస్తుంది?

జవాబు: కర్నూలు న్యాయవాది

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ఆరో సెక్షన్ సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి అని రాసింది. దానిని పట్టుకుని తండ్రి మాటే నెగ్గుతుందని చాలామంది మగవారు నా దగ్గరకు వస్తారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, ‘ఆయన తర్వాత’ అన్న మాటకు తండ్రి బతికి ఉన్నా బిడ్డ బాధ్యత తల్లి చూస్తున్న సందర్భాలు కూడా వస్తాయని వ్యాఖ్యానించింది. పైగా అదే చట్టం పదమూడో సెక్షన్, బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. కాబట్టి తండ్రి అన్న హోదా ఒక్కటే మిమ్మల్ని గెలిపించదు, బీఈడీ చదివిందన్న కారణం ఒక్కటే ఆమెనూ గెలిపించదు. విడాకుల కేసుల్లో ఇలాంటి తగవు వచ్చినప్పుడు, అప్పటికే నడుస్తున్న చదువును చెదరగొట్టడానికి న్యాయస్థానాలు సాధారణంగా ఇష్టపడవన్నది నేను చూసిన సంగతి. ఒకసారి ఇంట్లో మొదలుపెట్టి రెండేళ్లు సాగాక, నాకు ఇష్టం లేదని మీరంటే, ఆ వాదన అప్పటికి బలహీనపడుతుంది.

అందువల్ల మీరిద్దరూ ఒక మాట మీదకు వచ్చేదాకా పాఠశాలలో టీసీ అడగవద్దు. నాలుగో తరగతి వార్షిక పరీక్షలు ముగియనివ్వండి. అప్పుడు కూడా ఇంటి చదువే అనుకుంటే, ఫీజు బకాయి ఏమీ లేకుండా చూసుకుని, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు జనన ధ్రువపత్రంతో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో సరిచూసి రికార్డు షీటు (చిన్న తరగతుల పిల్లలకు టీసీలా ఇచ్చే పత్రం) తీసుకోండి. పేరులో ఒక్క అక్షరం తప్పుంటే బడి రికార్డులో ఉండగానే దిద్దించడం సులువు, బయటికి వచ్చాక అదే పనికి మీరు నా దగ్గరకు రావలసి వస్తుంది.

మండల విద్యాశాఖాధికారికి ఇచ్చే లేఖ ముసాయిదా రాశాక, చిరునామా, పాప వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.